డ్రమ్ము నిండా తోకలు

కాలిపోయిన మోటారును ఎవరు తెచ్చి బల్ల మీద పెట్టినా చుట్ల పిన్ని కొత్త తీగ జోలికి పోదు. ముందు పాతదాన్ని విప్పుతుంది. ఒక్కో చుట్టూ విప్పుతూ పైకే లెక్కపెడుతుంది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పదు, ఎడమ చెయ్యి పైకెత్తి ఆగమంటుంది. లెక్క పూర్తయి కాగితం మీద రాసుకున్నాకే "ఆ, ఇప్పుడు చెప్పు" అంటుంది. ఆ లెక్కల వల్లే ఆమె వీధికంతా చుట్ల పిన్ని అయింది. ఆమె కంటే పెద్దవాళ్లు కూడా పిన్నీ అనే పిలుస్తారు.

ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. పెళ్లయిన రెండో ఏట ఇంట్లో ఫ్యాను కాలిపోయింది. బాగుచేసేవాడు ఇవాళ రేపు అంటూ వారం తిప్పించుకున్నాడు. ఎనిమిదో రోజు ఆమె ఫ్యానును దింపించి, వంటగది గచ్చు మీద ముందేసుకుని కూర్చుంది. విప్పింది, లెక్కపెట్టింది, ఆ లెక్కను బొగ్గుతో గోడ మీద రాసింది, మళ్లీ చుట్టింది. స్విచ్చు వేస్తే ఫ్యాను తిరిగింది, కానీ వెనక్కి తిరిగింది. గాలి పైకి కొట్టడంతో పైకప్పుకు పట్టిన బూజంతా రాలి మొగుడి కంచంలో పడింది.

"తిరిగిందిగా, అది చాలు. ఎటు తిరగాలో దానికి రేపు నేర్పొచ్చు" అని ఆయన కంచం పట్టుకుని గుమ్మం అవతలికి నడిచాడు. మర్నాడు ఆమె రెండు తీగల కొసలు అటూ ఇటూ మార్చింది. గాలి కిందికి వచ్చింది. ఆ తర్వాత ముప్పయ్యేళ్లుగా వీధిలోని ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ల పంపులు, బట్టల మిషన్ల మోటార్లు ఆమె ముందుగదిలోని బల్ల మీదికే వస్తున్నాయి. ముందుగది పనిగది, వెనకది వంటగది. మధ్యలో తలుపు లేదు, ఒక తెర ఉంది.

ఆమె మొగుడు బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. వీధిలో ఆయన్ని కండక్టర్ బాబాయ్ అంటారు. ఈల ఇచ్చేసి వచ్చాడు గానీ నోరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

మొలకల పిచ్చి పిన్నికి ఈమధ్యే పట్టుకుంది. కూతురు ఒకరోజు గుప్పెడు పెసలు గాజుసీసాలో నానబోసి, నీళ్లు వంపేసి, సంగతి మరిచిపోయింది. మూడోరోజు సీసా కడగబోయి పిన్ని ఆగిపోయింది. ప్రతి గింజకూ ఒక తెల్లటి తోక! పచ్చటి పొట్టు పగిలి, లోపలి నుంచి ఒంపు తిరిగి, అన్నీ ఒకేవైపు చూస్తున్నాయి. సన్నతీగల కొసలు చూసుకునే భూతద్దం తెచ్చి అరగంట సేపు చూసింది. ముప్పయ్యేళ్లుగా ఆగిపోయినవాటిని తిప్పుతూ వచ్చిన మనిషి ఆమె. కరెంటు లేదు, తీగ లేదు, గుప్పెడు నీళ్లతో ఇది దానంతటదే కదులుతోంది!

ఆరోజు నుంచి వంటగది కిటికీలో సీసాలు వరసకట్టాయి. పెసలు, శనగలు, మెంతులు. ఎండ తగిలితే చేదెక్కుతున్నాయని గుడ్డ కప్పింది. నీళ్లు అడుగున నిలిస్తే వాసన వస్తోందని సీసాలను ఏటవాలుగా బోర్లించింది. ఏ గింజ ఎన్ని గంటలకు పగిలిందో కాగితాల మీద రాసి గోడకు అంటించింది. పొద్దున లేవగానే ముఖం కూడా కడుక్కోకుండా గుడ్డ ఎత్తి చూసేది.

"నన్నెప్పుడైనా అంత దగ్గరగా చూశావుటే?" అన్నాడు బాబాయ్.

"మీకు తోక రాలేదు కదండీ."

"వచ్చుంటే?"

"గుడ్డ కప్పి, పూటకోసారి కడిగేదాన్ని."

ఇలా సాగుతుండగా ఒక సోమవారం సాయంత్రం కూతురు చెప్పులైనా విప్పకుండా వంటగదిలోకి వచ్చింది.

"అమ్మా, నోరు జారాను."

కూతురు స్టేడియం క్యాంటీన్‌లో వంటపనిలో చేరి మూడు నెలలు కావస్తోంది. పనితనం చూడటానికి పెట్టిన ఆ గడువు ఆదివారంతో అయిపోతుంది. ఉంచుకోవాలో పంపించాలో ఆరోజే పెద్ద మాస్టర్ తేలుస్తాడు. పెద్ద మాస్టర్ అంటే ఆ వంటింటికి పెద్ద. నలభై ఏళ్ల చెయ్యి, నాలుగు మాటల నోరు. అదే ఆదివారం పొద్దున స్టేడియంలో పరుగుల పోటీ, రెండువందల మందికి ఫలహారం. అందులో మొలకలుండాలి. తెచ్చిచ్చేవాడు శాంపిల్‌గా పంపినవి జిగటగా ఉన్నాయని మాస్టర్ సంచీ కూడా దించనివ్వకుండా తిప్పి పంపేశాడు.

"మంచి మొలకలు ఎవరి దగ్గర దొరుకుతాయని అడిగాడమ్మా. అందరూ నేల చూపులు చూస్తున్నారు. నేను, మా అమ్మ పెంచుతుంది మాస్టర్ అనేశాను. ఎంత పెంచుతుంది అన్నాడు. ఎంత కావాలంటే అంత అన్నాను."

"ఎంత కావాలంటే అంతా! నేనేమన్నా ఫ్యాక్టరీ పెట్టుకు కూర్చున్నానుటే? ఇంతకీ ఎంత కావాలిట?"

"పన్నెండు కిలోలు."

"నా సీసాకి పావుకిలో వస్తాయే!"

"తెలుసమ్మా. మాస్టర్ ఆరు కిలోల పెసలు ఇచ్చి పంపాడు. గుమ్మంలో ఉన్నాయి. 'నీ మాట ఏపాటి గట్టిదో ఆదివారం చూస్తా' అన్నాడు."

పిన్ని కూతురిని నాలుగు కేకలేసింది. కేకలేస్తూనే సంచీ మూతి విప్పి, గుప్పెడు పెసలు అరచేతిలో పోసుకుని, పుచ్చులు ఏరడం మొదలుపెట్టింది. పైకి కోపమే గానీ లోపల ఒకటే సంబరం. ఆరు కిలోలు! ఒక్కసారిగా అన్ని తోకలు!

బియ్యం పోసుకునే పెద్ద స్టీలు డ్రమ్ము ఖాళీ చేయించింది. అడుగున డ్రిల్లుతో చిల్లులు వేసి, మరిగే నీళ్లతో కడిగింది. సోమవారం రాత్రంతా బకెట్లలో నానిన పెసలను మంగళవారం పొద్దున అందులో పోసి, తడిగుడ్డ కప్పింది. వెచ్చగా ఉంటే తొందరగా మొలుస్తాయని డ్రమ్ము చుట్టూ రెండు దుప్పట్లు కట్టింది. పొద్దునా సాయంత్రం పైనుంచి నీళ్లు పోసింది. మధ్యమధ్య దుప్పటి తప్పించి చేతి వెనకవైపుతో డ్రమ్మును తాకి చూసింది. మోటారు వేడెక్కిందో లేదో ఆమె అలాగే చూస్తుంది. డ్రమ్ము చల్లగానే ఉంది. ఇంక బెంగ లేదనుకుంది.

బుధవారం సాయంత్రం గుడ్డ తీసేసరికి గుప్పుమంది. పులిసిన వాసన ముందుగది దాకా కొట్టింది.

"ఏంటది, ఏదన్నా మోటారు కాలిందా?" అని తెర అవతలి నుంచి బాబాయ్ కేకేశాడు.

అప్పుడే పని నుంచి వచ్చిన కూతురు డ్రమ్ములోకి తొంగిచూసి గోడకు చేరగిలబడింది. "అయిపోయిందమ్మా. ఇక నన్ను సోమవారం రావొద్దంటాడు. మాస్టర్‌కి ఏం చెప్పకు. బజార్లో ఎక్కడన్నా కొనేద్దాం."

"కొని నా మొలకలని చెప్తావా?" పిన్ని ఒంటికాలి మీద లేచింది. "ఫోను ఇలా ఇవ్వు."

కూతురు వద్దు వద్దంటున్నా నంబరు కలిపించింది. "అయ్యా, నేను మీ దగ్గర పనిచేసే అమ్మాయి వాళ్లమ్మని. మీరిచ్చిన ఆరు కిలోలూ పాడుచేశాను. తప్పు నాది, పిల్లది కాదు."

అవతల గిన్నెలు దించుతున్న చప్పుడు. "ఎందుకు పాడయ్యాయి?" అన్నాడు మాస్టర్.

"ఇంకా తెలీదు."

"తెలిశాక చెప్పండి" అని పెట్టేశాడు.

తిట్టి ఉంటే పిన్నికి ఇంత పట్టుదల వచ్చేది కాదు. ఎందుకు అని అడిగిన మనిషికి ఎందుకో చెప్పి తీరాలి. చీర కొంగు దోపుకుని, బేసిన్లు వరసగా పెట్టుకుని, డ్రమ్ము ముందు గచ్చు మీద కూర్చుంది. కాలిన మోటారును విప్పినట్టే దాన్ని విప్పింది. పైనుంచి నాలుగువేళ్ల మందం తీసి మొదటి బేసిన్లో వేసింది. బాగున్నాయి, తెల్లటి తోకలు, వాసన లేదు. అంచుల వెంబడి ఉన్నవి తీసింది. అవీ బాగున్నాయి. మరో నాలుగువేళ్లు. తోకలు పచ్చబడ్డాయి. మోచేతి దాకా లోపలికి పెట్టి చటుక్కున వెనక్కి లాక్కుంది.

"ఏమైందే? ఏమన్నా కరిచిందా?" అన్నాడు బాబాయ్.

"వేడి! స్నానం నీళ్లలా కాలుతోందండీ! పొయ్యి లేదు, నిప్పు లేదు, నడిమధ్యన కాలిపోతోంది!"

కూతురూ చెయ్యి పెట్టి చూసింది. నిజమే. నడుమ ఉన్నవి మెత్తగా, జిగటగా ఉడికినట్టున్నాయి.

పిన్ని కళ్లు మెరిశాయి. పాడైన గింజల మధ్య కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. తల్లికి మతి పోయిందేమోనని కూతురు బెదిరింది.

"మోటారు ఎక్కడ కాలుతుందండీ?" అంది పిన్ని.

"మన వీధిలో" అన్నాడు బాబాయ్.

"లోపల కాలుతుంది! నడిమధ్యన! పైన చెయ్యి పెడితే ఏం తెలీదు. అందుకే కదా పెద్ద మోటార్లలో ఇనుము మధ్య గాలికి సందులు వదులుతారు. గింజ బతికున్నదండీ. ఊపిరి తీస్తోంది. ఊపిరి తీసేది వేడెక్కుతుంది. సీసాలో నాలుగు గింజలు కాబట్టి ఆ వేడి బయటికి పోయింది. ఇక్కడ వేలకు వేలు ఒకదాని మీద ఒకటి. పైగా నేనే దుప్పటి కప్పి ఉడకేశాను! మోటారుకి ఎప్పుడన్నా దుప్పటి కప్పానా?"

మళ్లీ ఫోను చేసింది. మాస్టర్ అంతా విని, "పెద్ద గిన్నెలో అన్నం కూడా అంతేనమ్మా, అడుగున మాడేది మనకి పైకి తెలీదు" అన్నాడు. ఆయన అంత పొడుగు మాట అనడం తానెప్పుడూ వినలేదని కూతురు తర్వాత చెప్పింది. "ఆదివారం ఆరింటికి గేటు తీస్తాం. ఏడు దాటితే బంగాళాదుంపలు ఉడకేసుకుంటాను. మీ ఇష్టం."

పిన్ని అప్పటికప్పుడే గింజల కొట్టుకు పరుగెత్తింది. కొట్టాయన ముందు గులాబీరంగు పూసిన పెసలు చూపించాడు. మొలక గ్యారంటీ అన్నాడు.

"ఆ రంగు పురుగులమందు. పొలంలో చల్లేవాటిని మనుషులకు పెట్టమంటావా? తిండికి పనికొచ్చేవి తియ్యి, ఈ ఏడాదివి."

ఆరు కిలోలు తెచ్చింది. ఇక కావలసింది అన్నివైపులా గాలి ఆడే పాత్ర. చిల్లుల గిన్నెలు ఇంట్లో ఉన్నవి రెండే. ముందుగదిలో బల్లకూ అలమరకూ మధ్య తిరుగుతూ నాలుగుసార్లు ఒకే సామాను వంక చూసింది. అయిదోసారి ఆగింది. అలమర పైన ఒక అట్టపెట్టె. అందులో బట్టల మిషను లోపలి డ్రమ్ము. కొలత తప్పు వచ్చిందని ఏడాదిగా అలాగే పడి ఉన్న కొత్త సరుకు. ఒక్క బట్ట కూడా ఎరగనిది. చుట్టూ స్టీలు, ఒళ్లంతా చిల్లులు, అడుగున మధ్యలో ఇరుసుకు రంధ్రం!

"ఏమండీ! స్టూలు వెయ్యండి!"

కూతురు, బాబాయ్ కలిసి దాన్ని దించారు. సబ్బుతో రుద్ది, మూడుసార్లు మరిగే నీళ్లు పోశారు. మధ్యలో నిలబెట్టడానికి పిన్ని ఒక స్టీలు గొట్టానికి జానెడుకు ఇరవై చొప్పున చిల్లులు వేసింది. ఆకురాయితో అంచులు నునుపు చేసి, దాన్నీ మరిగించింది. నడుమ గొట్టం, చుట్టూ గింజలు. ఇప్పుడు గింజలకు లోపలి నుంచీ గాలే, బయటి నుంచీ గాలే. వంటగదిలో నీళ్లు పోయే తూము పక్కన ఒక ఇనప పీటకు ఇరుసు బిగించి, డ్రమ్మును దాని మీద కూర్చోబెట్టింది. చేత్తో ఒక తోపు తోస్తే గిర్రున తిరిగింది.

గురువారం తెల్లవారగానే నానబోసిన పెసలు సాయంత్రానికి ఉబ్బాయి. నీటి మీద తేలినవాటిని పారబోసి, మిగతావి డ్రమ్ములోకి వంపింది. పైన నల్లగుడ్డ కప్పింది. ఈసారి దుప్పటి లేదు.

శుక్రవారం పొద్దున మొదటిసారి కడిగింది. చెంబుతో నీళ్లు పోసి, "తప్పుకోండి" అని డ్రమ్మును తిప్పింది. ఒకటి, రెండు, మూడు, ఇరవై చుట్లు. చిల్లులన్నింట్లోంచి నీళ్లు చక్రంలా చిమ్మాయి. చుక్క నిలవలేదు. తప్పుకోమన్న మాట బాబాయ్‌కి వినబడేలోపే ఆయన చొక్కా, చేతిలో పేపరు, గోడకున్న క్యాలెండరు తడిసిపోయాయి.

"చెప్పి తిప్పవే తల్లీ!"

"చెప్పే తిప్పాను! ఇలా రండి, చూడండి, చూడండి!"

గింజలు పగిలాయి. ఒకటి కాదు, పది కాదు, చూసినంతమేరా ప్రతి గింజకూ ఆవగింజంత తెల్లచుక్క. పిన్ని చేతులు సబ్బుతో కడుక్కుని గొట్టం పక్కనే మునివేళ్లు లోపలికి దించింది. ఈసారి చేతి వెనకవైపుతో బయట తాకి ఊరుకోలేదు. అడుగు దాకా దించి చూసింది. చల్లగా ఉంది. కాగితం మీద టైము రాసుకుంది. నాలుగు గంటలకోసారి నీళ్లు, ఇరవై చుట్లు. నిద్రలో అలారం మోగినా ఆమె విసుక్కోలేదు, పెళ్లిపనులున్న ఇంట్లో మనిషిలా లేచి తిరిగింది.

శనివారం పొద్దునకు తోకలు చిల్లుల్లోంచి బయటికి పొడుచుకొచ్చాయి. డ్రమ్ముకు చుట్టూ తెల్లగడ్డం మొలిచినట్టుంది. కూతురు పనికి వెళ్తూ దాన్ని చూసి గట్టిగా అరిచింది. పక్కింటివాళ్లు ఏమైందోనని వచ్చి, వాళ్లూ చూసి, వాళ్ల చుట్టాలను పిలుచుకొచ్చారు. ముట్టుకోబోయిన ప్రతి చేతినీ పిన్ని చెంబు అడ్డం పెట్టి ఆపింది. సాయంత్రానికి మొలకలు పొంగి పైనున్న నల్లగుడ్డను జానెడు పైకి లేపేశాయి.

"ముందుకి జరగండి, ముందుకి జరగండి, వెనక చాలా చోటుంది!" బాబాయ్ డ్రమ్ము పక్కన నిలబడి పాత గొంతుతో కేకలు పెట్టాడు. "అమ్మా పచ్చచొక్కా, తోక లోపల పెట్టుకోండి!"

పిన్ని పడీపడీ నవ్వింది. నవ్వుతూనే మళ్లీ చెయ్యి దించి చూసింది. కాస్త గోరువెచ్చన. పైన పొంగినవన్నీ తీసి రెండు చిల్లుల గిన్నెల్లోకి సర్దింది. చల్లటి నీళ్లు పోసి, ఇరవై కాదు, నలభై చుట్లు తిప్పింది. అరగంట తర్వాత మళ్లీ చూసింది. చల్లబడింది. అప్పటిగ్గానీ ఆమె కంచం ముందు కూర్చోలేదు.

ఆదివారం పిన్నీ బాబాయీ మొదటి బస్సులోనే బయల్దేరారు. కూతురు పోటీ పనులుండి రాత్రి క్యాంటీన్‌లోనే ఉండిపోయింది. తడిగుడ్డ చుట్టిన డ్రమ్మును ఇద్దరూ చెరోవైపు పట్టుకుని, చిల్లుల గిన్నెలున్న సంచీతో సహా ఎక్కించారు. బస్సులో ఉన్న కండక్టరు కుర్రవాడు, "ఏంటి బాబాయ్ ఇది?" అన్నాడు.

"లెక్కపెట్టుకో, ఒక్కోదానికీ టిక్కెట్టు కొట్టు" అన్నాడు బాబాయ్.

మలుపు తిరిగినప్పుడల్లా పిన్ని డ్రమ్మును రెండు చేతులా కావలించుకుంది. ఆరు దాటి పది నిమిషాలకు స్టేడియం గేటు దగ్గర దిగారు.

పెద్ద మాస్టర్ పొట్టిగా ఉన్నాడు. పలకరింపులు లేవు. చేతులు మోచేతుల దాకా కడుక్కుని, గుడ్డ తీసి, పైనున్నవాటిని చూడనైనా చూడకుండా గొట్టం పక్కనుంచి చెయ్యి అడుగు దాకా దించాడు. గుప్పెడు పైకి తీసి వాసన చూశాడు. ఒకటి విరిచాడు. టప్‌మంది. కూతురు రెండు చేతులూ ఏప్రన్‌లో దాచుకుని నిలబడింది. తల ప్రాణం తోకకొచ్చినట్టుంది ఆమెకు.

"తూచండి" అన్నాడు. పదమూడున్నర కిలోలు వచ్చింది. ఆవిరి మీద కాసేపు పెట్టమన్నాడు. కూతురి వైపు తిరిగి, "ఉప్పూ నిమ్మకాయా నువ్వు చూసుకో" అన్నాడు. బాగున్నాయనలేదు, బాగాలేవనలేదు.

ఎనిమిదింటికి పరుగువాళ్లు చెమటలు కక్కుకుంటూ వచ్చిపడ్డారు. మాస్టర్ మాత్రం వడ్డించే చోట లేడు. గిన్నెలు కడిగే కిటికీ దగ్గర, తిన్న ప్లేట్లు తిరిగొచ్చే చోట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నోరు అబద్ధం చెబుతుందమ్మా, ప్లేటు చెప్పదు" అన్నాడు.

పిన్ని కూడా వెళ్లి ఆయన పక్కన నిలబడింది. మొదటి ప్లేటు వచ్చింది. రొట్టె అంచు మిగిలింది, మొలకలు లేవు. రెండోది, ఖాళీ. ఇరవయ్యోది, ఖాళీ. వడ్డించే చోటు నుంచి "ఇంకాస్త వెయ్యండక్కా" అన్న అరుపులు వినిపిస్తున్నాయి. పిన్ని పెదవులు కదులుతున్నాయి. ప్లేట్లు లెక్కపెడుతోంది. నూట ఆరు, నూట ఏడు. నూట ఎనిమిదో ప్లేటులో మొలకలు కుప్పగా, వేలు పెట్టకుండా అలాగే ఉన్నాయి.

పిన్ని లెక్క ఆగిపోయింది. మాస్టర్ ఆ ప్లేటును పక్కకు లాగి, ఒక మొలక నోట్లో వేసుకుని నమిలాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎవరిదయ్యా ఇది?" అని గట్టిగా అడిగాడు.

పరుగువాళ్ల మధ్యలో బెంచీ మీద దర్జాగా కూర్చున్న కండక్టర్ బాబాయ్ మెల్లగా చెయ్యెత్తాడు. "నాదేనండి. నాకు పచ్చి వాసన పడదు."

"వారం నుంచి ఊరంతా డప్పు కొట్టి, తినరా!" అని పిన్ని కిటికీలోంచి అరిచింది.

"పొగడ్డం నా పని, తినడం వాళ్ల పని!"

హాలంతా గొల్లుమంది. మాస్టర్ ముఖంలో నవ్వు లాంటిదేదో కదిలింది. "ఆయన పరుగెత్తలేదు. లెక్కలోకి రాడు" అని ప్లేటును తొట్టిలోకి తోశాడు.

చివరి ప్లేటు వచ్చేసరికి తొమ్మిదిన్నర. కూతురు ఖాళీ గిన్నె పట్టుకుని వచ్చి నిలబడింది. గిన్నె అడుగున నిమ్మగింజలు తప్ప ఏమీ లేవు. చాలాసేపటి నుంచి గొంతులో ఉన్న మాట బయటపెట్టింది.

"మాస్టర్, ఇవాళ్టితో మూడు నెలలూ అయ్యాయి. రేపు రానా?"

"రాకపోతే ఉల్లిపాయలు ఎవరు తరుగుతారు?" అని మాస్టర్ ఏప్రన్ విప్పుకుంటూ లోపలికి నడిచాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. ఈసారి పిన్నిని చూశాడు. "అమ్మా, శనగలు కూడా అలాగే వేడెక్కుతాయా?"

"ఇంకా ఎక్కువ వేడెక్కుతాయనుకుంటాను. గింజ పెద్దది కదా."

"అనుకుంటే చాలదు."

"చాలదు" అంది పిన్ని. "ఓ అయిదు కిలోలు ఇప్పించండి, చూసి చెప్తాను."

కూతురు అప్పటికే స్టోర్‌రూము వైపు పరుగెత్తింది.